మిక్సీ, గ్రైండరు, ఎయిర్ ఫ్రయరు... ఏది కొనాలి, ఏది వద్దు? మా కొట్టులో తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మిక్సీలు, గ్రైండర్లు, కుక్కర్లు, ఇండక్షన్ పొయ్యిలు బాగుచేసే కొట్టు మాది. జార్‌కు బుష్ మార్చేలోపు స్టూలు మీద కూర్చున్నవాళ్ళు అడిగే మాట దాదాపు ఒకటే: “అన్నా, ఫలానాది కొందామనుకుంటున్నాం, పనికొస్తుందా?” తాడిపత్రి, గుంతకల్లు, ఆదోని, ప్రొద్దుటూరు నుంచి ఫోన్లు చేసి అడిగేవాళ్ళూ ఉన్నారు. మేము అమ్మేవాళ్ళం కాదు, బాగుచేసేవాళ్ళం. ఏది వాడీ వాడీ అరిగి వస్తుందో, ఏది కొత్తగా ఉండగానే మూలన పడి దుమ్ము పట్టి వస్తుందో మాకు తెలుస్తుంది. అందుకే అందరూ అడిగేవాటికి జవాబులు ఒకచోట రాస్తున్నాను. కంపెనీల పేర్లు రాయలేదు. ఒకే కంపెనీ మంచి మిక్సీ చేస్తుంది, పనికిరాని రొట్టె మేకరూ చేస్తుంది.

కొనేముందు ముఖ్యంగా ఏం చూసుకోవాలి?

ఆ పని మీ ఇంట్లో ఎన్నాళ్ళకోసారి పడుతుంది, పడినప్పుడు ఎవరి చేతులు నొస్తాయి. ముందు ఇది తేల్చుకోండి. వారానికి రెండుసార్లు పిండి రుబ్బే ఇంట్లో గ్రైండరు ఎంత ఖరీదైనా దండగ కాదు. ఉగాదికీ దసరాకూ తప్ప చేయని వంటకు మిషను కొంటే అది అటకెక్కుతుంది. వండేది అమ్మో భార్యో అయి, కొనేది ఇంకొకరైతే, వండేవాళ్ళను అడక్కుండా కొనొద్దు. మూలన పడే సామాన్లు చాలావరకు అలా అడక్కుండా కొన్నవే.

తర్వాత కడిగే పని చూడండి. రెండు నిమిషాల్లో తరిగేదానికి నాలుగు ముక్కలు విప్పి, బ్లేడు సందుల్లో బ్రష్ పెట్టి తోమాల్సి వస్తే వారం తర్వాత దాన్ని ఎవరూ ముట్టరు.

ఆఖరుగా విడిభాగాలు. జార్, కప్లరు (మోటారు తిప్పుడును జార్‌కు అందించే పళ్ళ బిళ్ళ), గ్యాస్కెట్టు (కుక్కరు మూత రబ్బరు) మన ఊళ్ళో దొరికే రకమేనా అని అడిగి కొనండి. ఊరూపేరూ లేని సామాను ఆన్‌లైన్‌లో సగం ధరకు వస్తుంది, నిజమే. కానీ దాని పది రూపాయల ప్లాస్టిక్ గేరు విరిగితే బాగుచేయడానికి మా దగ్గరా ఏమీ ఉండదు.

మిక్సీ ఉండగా మళ్ళీ గ్రైండరు ఎందుకు?

ఇడ్లీ, దోసె, అలసంద వడ, గుంత పొంగణాలు తరచుగా చేసే ఇంట్లో కావాలి. మిక్సీ బ్లేడు ఖాళీగా తిరిగితే నిమిషానికి 18,000 చుట్ల పైమాటే. ఆ వేగానికి పిండి వేడెక్కుతుంది, మినప్పప్పు తెగుతుంది తప్ప మెదగదు. గ్రైండరు రాళ్ళు నెమ్మదిగా తిరుగుతూ పప్పును నలుపుతాయి, పిండి గాలి పట్టి పొంగుతుంది. అదే మినప్పప్పుకు గ్రైండర్‌లో పిండి ఎక్కువ అవుతుందని ఆడవాళ్ళు చెప్పేది ఇందుకే.

మొదటి వెట్ గ్రైండరును 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన తయారుచేశారు. ఆ ఊరి గ్రైండర్లకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన దగ్గర దొరికేవి ఎక్కువగా అటునుంచి వచ్చేవే.

నలుగురైదుగురు ఉన్న ఇంటికి 2 లీటర్ల టేబుల్ టాప్ చాలు. దాని మోటారు 150 వాట్లే, అరగంట తిప్పినా యూనిట్లో పదో వంతు కూడా కాలదు. కరెంటు బిల్లు భయంతో మానుకోవద్దు. ఒక్క జాగ్రత్త: బియ్యమంతా నింపేసి స్విచ్ వేయకండి. ముందు కాసిన్ని నీళ్ళు పోసి, రాళ్ళు తిరగడం మొదలయ్యాక పప్పు గుప్పెడు గుప్పెడు వేయండి. బెల్టు తెగి వచ్చే గ్రైండర్లు ఎక్కువగా నిండుగా నింపి స్టార్ట్ చేసినవే.

ఇద్దరే ఉంటే గ్రైండరు వద్దు. నానబెట్టిన పప్పును ఫ్రిజ్‌లో పెట్టి, చల్లటి నీళ్ళతో మిక్సీలోనే ఆపి ఆపి తిప్పుకోండి.

మిక్సీ ఎన్ని వాట్లది తీసుకోవాలన్నా? (గుంతకల్లు)

చట్నీలు, అల్లం తెల్లగడ్డ ముద్ద వరకే అయితే 500 వాట్లు చాలు. చెనక్కాయల పొడి, ధనియాలు, ఎండుమిరపకాయలు ఇంట్లోనే కొట్టుకునేవాళ్ళు 750 తీసుకోండి. అంతకు మించి ఇంటికి అక్కర్లేదు. పసుపు కొమ్ములు మాత్రం ఎన్ని వాట్లదైనా అలాగే వేయకూడదు, రోకలితో ముక్కలు చేశాకే.

చాలా మిక్సీల అడుగున ‘30 నిమిషాలు’ అని ఉంటుంది. అరగంట ఆపకుండా తిప్పవచ్చని కాదు దాని అర్థం. 5 నిమిషాలు తిప్పి 2 నిమిషాలు ఆపుతూ మొత్తం అరగంట అని. మధ్యలో మిక్సీ ఆగిపోతే కాలిపోయిందని కంగారు పడకండి. ప్లగ్గు తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, కింద ఎర్ర బటన్ ఉంటుంది, దాన్ని నొక్కండి. చాలామంది దీనికోసమే బస్సెక్కి మా దగ్గరికి వస్తారు, డబ్బు తీసుకోవడానికి నాకు మనసు రాదు.

జార్ కింద నల్లటి నీళ్ళు కారుతున్నాయి. కొత్త మిక్సీ కొనాలా?

వద్దు, వద్దు. అది బుష్ అరగడం. బ్లేడు కిందున్న ఇరుసు ఒక చిన్న లోహపు గొట్టంలో తిరుగుతుంది, అదే బుష్. నూరాక జార్ అలాగే వదిలేస్తే చింతపండు, ఉప్పు కలిసిన నీళ్ళు సందులోంచి దిగి దాన్ని తింటాయి. మిక్సీ ప్లగ్గు తీసి, జార్‌లో బ్లేడును రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకు ఊపి చూడండి. తిరగడం మామూలే, పక్కకు కదిలితే మాత్రం బుష్ పోయినట్టే. అప్పటికీ అలాగే వాడితే ఆ నల్లటి ముద్ద పచ్చడిలోకి వస్తుంది, నీళ్ళు కిందికి దిగి మోటారును పాడుచేస్తాయి. బుష్ మార్చడం చిన్న పని, మిక్సీ మార్చడం పెద్ద ఖర్చు. నూరిన వెంటనే అర గ్లాసు నీళ్ళు పోసి రెండు క్షణాలు తిప్పి, జార్‌ను బోర్లించి ఆరబెట్టండి. ఈ ఒక్క అలవాటుతో జార్ ఏళ్ళు వస్తుంది.

అపార్టుమెంట్లో ఉంటున్నాం. రోలు కొనడం అవసరమా?

మీరు ఊరిబిండి (చెనిగ్గింజల రోటి పచ్చడి) తినే ఇంటివాళ్ళయితే అవసరమే. మిక్సీలో వేయించిన చెనిగ్గింజలు క్షణంలో నూనె వదిలి ముద్దవుతాయి. రోటిలో పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ నలిగీ నలగకుండా పంటికి తగులుతాయి. పెద్ద రోలు అక్కర్లేదు. జానెడు వెడల్పున్నది చాలు, వంటింటి బండ మీదే పెట్టుకోవచ్చు. కింద మందపాటి గోనెగుడ్డ మడిచి వేస్తే కింది ఇంటివాళ్ళకు చప్పుడు వినపడదు.

కొత్త రోటికి రాతిపొడి ఉంటుంది. రాళ్ళ ఉప్పు, తర్వాత నానబెట్టిన బియ్యం వేసి నూరి పారేస్తూ, పిండి తెల్లగా వచ్చేదాకా చేయండి. సబ్బు పెట్టొద్దు, రాయి వాసన పీల్చుకుంటుంది. కరెంటు లేదు, మోటారు లేదు. రిపేరు కొట్టు వాడిగా చెబుతున్నా, మనవరాలి కాలానికి కూడా పనిచేసే వంటింటి సామాను ఇదొక్కటే.

ఎయిర్ ఫ్రయర్‌లో మిరపకాయ బజ్జీ వస్తుందా? ఉగ్గానిలోకి కావాలి. (ధర్మవరం)

రాదు. అది వేయించే మిషను కాదు, ఫ్యాను ఉన్న చిన్న ఓవెన్. నూనెలో వేసిన క్షణంలో చెనగపిండి గట్టిపడి కాయ చుట్టూ పట్టుకుంటుంది. ఎయిర్ ఫ్రయర్‌లో అంత తొందరగా వేడి తగలదు, పిండి గట్టిపడేలోపు జాలీలోంచి కిందికి కారిపోతుంది. పిండి గట్టిగా కలిపితే పైన ఎండిపోయి, లోపల పచ్చిగా ఉంటుంది. కారే పిండితో చేసే ఏ వంటా దాంట్లో కుదరదు. అప్పడం వేస్తే గాలికి ఎగిరి పైనున్న కాయిల్‌కు తగిలి మాడుతుంది, దానిమీద బరువుగా జాలీ పెట్టాలి.

అలాగని పనికిరానిదీ కాదు. చెనిగ్గింజలు వేయించడానికి చాలా బాగుంటుంది. పలుచగా పరిచి 160 డిగ్రీల్లో పది పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి కుదిపితే ఏ గింజా మాడకుండా పొట్టు తేలిగ్గా ఊడేటట్టు వేగుతాయి. మసాలా పట్టించిన కోడి ముక్కలు, ఉర్లగడ్డలు, చల్లారిన సమోసాలు వేడిచేసుకోవడం, ఇవన్నీ బాగా వస్తాయి. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉండి డాక్టరు నూనె తగ్గించమన్నారు, ఉండేది ఇద్దరు ముగ్గురు అంటే కొనండి. ఆరుగురున్న ఇంట్లో ఒక్కో వాయి పదిహేను నిమిషాలు పడితే మొదటివాళ్ళు తిని లేచాక చివరివాళ్ళకు వస్తుంది. ఆ ఇంటికి వద్దు.

జొన్న రొట్టెలు తట్టలేకపోతున్నా. ఎలక్ట్రిక్ రొట్టె మేకర్ కొనమంటారా? (ఆదోని)

దయచేసి కొనొద్దు తల్లీ. మా దగ్గరికి పాడై రాని సామాన్లలో ఇదొకటి, ఎందుకంటే వాడేవాళ్ళే ఉండరు. గోధుమ పిండిలో గ్లూటెన్ అనే సాగే జిగురు ఉంటుంది, నొక్కితే పరుచుకుంటుంది. జొన్నపిండిలో అది లేదు. మరిగే నీళ్ళు పోసి కలిపినప్పుడు వచ్చే కొద్దిపాటి జిగురే దానికి ఆధారం. రెండు పలకల మధ్య ఒక్కసారి నొక్కితే అంచులు పగిలి విచ్చుకుపోతాయి. చేత్తో తట్టేటప్పుడు అంచు పగులుతుంటే రెండో చేత్తో సర్దుతూ పోతాం, మిషనుకు ఆ చెయ్యి లేదు. పైగా పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్ది, తిప్పి, చివర్లో నేరుగా మంట చూపిస్తేనే రొట్టె పొంగుతుంది. ఆ మిషను వేడి అందుకు చాలదు. చపాతీలు కూడా దాంట్లో తోలు మాదిరి అవుతాయి.

మీ కష్టం తీరాలంటే ముందు పిండి చూడండి. మర ఆడించి చాలా రోజులైన పిండికి ఎన్ని వేడినీళ్ళు పోసినా రొట్టె విరుగుతుంది. వారం పది రోజులకు సరిపడా మాత్రమే ఆడించుకోండి. బరువైన ఇనుప పెనం ఒకటి కొనండి. తట్టడం చేతకాకపోతే మందపాటి ప్లాస్టిక్ కాగితం పరిచి, దానిమీద వేళ్ళతో ఒత్తుకోవచ్చు, తప్పేం లేదు.

చేత్తో నొక్కే పూరీ ప్రెస్ మాత్రం కొనదగ్గదే. నిప్పట్లు, పూరీలు పిండివంటల రోజున చకచకా అవుతాయి. ప్లాస్టిక్‌ది వద్దు, పిడి ఊడిపోతుంది. చెక్కదో ఇనుముదో తీసుకోండి.

సంగటి కెలికే మిషను ఏదైనా ఉందా? అమ్మకు భుజం నొప్పి.

హోటళ్ళకు, హాస్టళ్ళకు పెద్దవి ఉన్నాయి, ఇంటికి సరిపోయేవి కావు. కేకు పిండి కలిపే మిషన్లు సంగటి గట్టితనానికి తట్టుకోవు, గేర్లు పోతాయి. భుజానికి భారం తగ్గే దారి వేరే ఉంది. బియ్యాన్ని కుక్కర్లో బాగా మెత్తగా ఉడికించి, రాగిపిండి పైన కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి చిన్న మంట మీద మగ్గనివ్వండి. పిండి ఆవిరికి ఉడికాక కెలకడం సగం తేలికవుతుంది. గిన్నెను పొయ్యి మీద కాకుండా నేలమీద పెట్టి, కదలకుండా పట్టుకునే జంట కర్రలు వాడితే బలమంతా కట్టె మీదికే పోతుంది, గిన్నెను ఆపడానికి ఖర్చు కాదు. అన్నిటికంటే మేలైనది, ఇంట్లో ఉన్న మగపిల్లలు కట్టె పట్టుకోవడం.

ఇంట్లోనే పిండి ఆడించుకునే మర, చెనక్కాయ నూనె తీసే మిషను... ఇవి ఎలా ఉంటాయి?

పిండి మర పెద్ద కుటుంబానికో, నలుగురు ఇరుగుపొరుగు కలిసి కొంటేనో సరే. జొన్నలు, రాగులు, సద్దలు రోజూ వాడే ఇంట్లో తాజా పిండి విలువ తెలుస్తుంది. మీ వీధిలో మర ఉంటే మాత్రం డబ్బు దండగ.

నూనె మిషను గురించి అనంతపురం జిల్లాలో చాలామంది అడుగుతారు, ఇంట్లో కాయ ఉంటుంది కాబట్టి ఆశ సహజం. లెక్క చూడండి. కిలో చెనిగ్గింజలకు ఇంటి మిషనులో 350 నుంచి 400 గ్రాముల నూనె వస్తే గొప్ప. లోపల గింజల పొట్టు, పిండి ఇరుక్కుంటాయి, ప్రతిసారీ వేడిమీదే విప్పి శుభ్రం చేయాలి. తీసిన నూనె ఒకట్రెండు రోజులు తేరనివ్వాలి. నూనె తీయగా మిగిలే చెక్క తినడానికి ఇంట్లో గొడ్డు ఉండాలి. నెలకు ఐదారు కిలోల నూనె వాడే ఇంటికి కూడా ఇంత తతంగం ఎందుకు? గింజలు తీసుకుని ఊళ్ళో గానుగకు వెళ్ళండి, కళ్ళముందే ఆడించి ఇస్తారు. గానుగైనా మిషనైనా ముడతలు పడ్డ, బూజు పట్టిన గింజలు ఏరేయడం తప్పనిసరి. బూజులోని విషం గానుగ నూనెలోకి కూడా వస్తుంది, కాచినా పోదు.

గ్యాసు కంటే ఇండక్షన్ చౌకా?

14.2 కిలోల సిలిండరు చేసే వంటంతా ఇండక్షన్ మీద చేస్తే సుమారు 130 నుంచి 140 యూనిట్లు కాలుతుంది. మీ బిల్లులో చివరి స్లాబు ధర ఎంతో చూసి దాన్ని 140తో గుణించండి, సిలిండరు ధరతో పోల్చండి. మన దగ్గర యూనిట్లు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది కాబట్టి, వంటంతా ఇండక్షన్ మీదికి మారిస్తే పై స్లాబులోకి పోతారు. ఇంటిమీద సోలార్ పలకలు ఉన్నవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు నిశ్చింతగా కొనొచ్చు.

మిగతావాళ్ళు రెండో పొయ్యిగా పెట్టుకోండి. పాలు, నీళ్ళు కాచడానికి, సిలిండరు అయిపోయిన రాత్రికి అది చాలా ఆదుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వంటిల్లు అంతగా వేడెక్కకపోవడం కూడా మన ఎండలకు పెద్ద ఊరట. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటేనే పనిచేస్తుంది, అల్యూమినియం డేగిసాలు పనికిరావు.

ఇక ప్లగ్గు సంగతి గట్టిగా చెబుతున్నాను. ఇండక్షన్, ఎయిర్ ఫ్రయరు, మైక్రోవేవు, ఓవెన్ ఏదైనా 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టుకే పెట్టండి. చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, 1,400 వాట్లు దాటితే దానికి భారమే. 2,000 వాట్ల పొయ్యిని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి కరిగిన ప్లగ్గులు మా కొట్టుకు ఎన్నో వస్తాయి. ఇల్లు అంటుకోకపోవడం వాళ్ళ అదృష్టం.

గ్యాసు ఆదా చేసే జాలీ రింగులు?

వద్దు. మంటకు గాలి అందే దారికి అడ్డం. గిన్నె అడుగు నల్లబడిందంటే గ్యాసు సరిగ్గా కాలడం లేదని అర్థం, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఆ డబ్బుతో బర్నరు శుభ్రం చేయించి, గొట్టం మీద తేదీ చూసుకోండి. గ్యాసు కంపెనీ ఇచ్చే సురక్షా రబ్బరు గొట్టాన్ని 5 ఏళ్ళకు మార్చాలి.

చీనీకాయల రసానికి ఏ జ్యూసరు మంచిది?

చీనీకాయలు మన తోటల పంట, రోజూ తాగే ఇళ్ళున్నాయి. మిక్సీలో వేస్తే గింజలు, తెల్లటి పొర నలిగి రసం కాసేపటికే చేదెక్కుతుంది. ఖరీదైన కోల్డ్ ప్రెస్ మిషనులో వేయాలన్నా ముందు తొక్క, గింజ తీయాల్సిందే, దానికంటే తినేయడం సుఖం. బండిమీద వాళ్ళు వాడే చేతి ప్రెస్, లేదా సగానికి కోసిన కాయను బోర్లించి నొక్కే చిన్న కరెంటు స్క్వీజరు, ఈ రెండింటిలో ఏదైనా చాలు. ప్రెస్ అయితే మరీ గట్టిగా నొక్కొద్దు, తొక్కలోని నూనె దిగి రుచి చెడుతుంది.

నీళ్ళ మిషను తప్పదా? ఆర్వోనా, యూవీనా?

మిగతావి ఉన్నా లేకున్నా నడుస్తుంది, ఇది ఒంటికి సంబంధించినది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీ నీళ్ళు ఎక్కడివి అన్నదే మొదటి ప్రశ్న. మున్సిపాలిటీ వాళ్ళు ఇచ్చే నది నీళ్ళయితే వాటిలో ఉప్పులు తక్కువ, క్రిముల భయమే ఎక్కువ. దానికి యూవీ, అంటే అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే మిషను, చాలు. బోరు నీళ్ళయితే మాట వేరు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ళ బోర్లలో ఫ్లోరైడు ఉంది, పళ్ళమీద మచ్చలు, వంగని మోకాళ్ళు మన కళ్ళతో చూసినవే. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్ళు లేనిచోట 1.5 వరకు అని ప్రమాణం. దాన్ని యూవీ తీయలేదు. కాచి వడపోసినా పోదు, నీళ్ళు ఆవిరైపోయి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో, అంటే సన్నటి పొరగుండా నీళ్ళను ఒత్తి కరిగిన ఉప్పులను వడగట్టే మిషను, తీస్తుంది.

అమ్మేవాళ్ళు ఒక చిన్న మీటరు నీళ్ళలో ముంచి అంకె చూపించి భయపెడతారు. అది టీడీఎస్, కరిగిన ఉప్పులన్నీ కలిపిన లెక్క. 500 దాకా ఏ ఇబ్బందీ లేదు, వేరే దిక్కు లేనిచోట 2,000 వరకు అనుమతి ఉంది. ఫ్లోరైడు ఎంతో ఆ మీటరు చెప్పదు. అంకె తక్కువ ఉన్న నీళ్ళలోనూ ఫ్లోరైడు ఉండొచ్చు. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులున్నాయి, సీసాలో నీళ్ళు పట్టి పరీక్ష చేయించాకే మిషను కొనండి.

ఆర్వో ఒక లీటరు మంచినీళ్ళిస్తే రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. ఆ నీళ్ళు కాలువలోకి పోతుంటే చూడబుద్ధి కాదు. గొట్టాన్ని బకెట్లోకి పెట్టి గిన్నెలు తోమడానికి, ఇల్లు తుడవడానికి వాడండి. మొక్కలకు మాత్రం రోజూ పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది.

కెటిల్‌లో తెల్లటి గార కడుతోంది. పాడైనట్టా?

పాడవలేదు, మన నీళ్ళ గట్టితనం అది. సగం నీళ్ళు పోసి ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి కాచి, అరగంట వదిలేసి కడగండి. ఆ నీళ్ళు వంటింటి గట్టు మీద ఒలకకుండా చూసుకోండి. కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ అన్నీ సున్నపురాయి జాతే. గారను కరిగించే పులుపే బండ మెరుపునూ తినేస్తుంది, తర్వాత ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు. హాస్టల్లో ఉండే పిల్లలకు కెటిల్ కొనివ్వండి, ఇంట్లో గ్యాసు ఉన్నవాళ్ళకు అవసరం లేదు.

గిన్నెలు కడిగే మిషను మన వంటలకు పనికొస్తుందా?

స్టీలు సామాను ఎక్కువున్న ఇంట్లో పనికొస్తుంది. జిడ్డు, పసుపు బాగానే పోతాయి. అల్యూమినియం నల్లబడుతుంది, ఇనుప పెనం తుప్పు పడుతుంది, నాన్‌స్టిక్ పూత, చెక్క కట్టెలు చెడతాయి. సంగటి గిన్నె ముందే నానబెట్టాలి. బోరు నీళ్ళయితే దాని ప్రత్యేక ఉప్పు ఎప్పటికప్పుడు నింపాల్సిందే, లేకపోతే లోపలంతా గార. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో, రాత్రి పదింటికి తొట్టి నిండా గిన్నెలు ఒక్క మనిషి మీదే పడుతుంటే, ఇది విలాసం కాదు, కొనండి.

చిమ్నీ?

గోడకు కన్నం పెట్టి పొగగొట్టం బయటికి వదలగలిగితే సరే. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరుతో వచ్చేవి మన తిరగమోత గాటుకు ఆగవు. అద్దె ఇంట్లో అయితే కిటికీ పైన మంచి ఎగ్జాస్టు ఫ్యాను చాలు, ఎదురుగా గాలి లోపలికి వచ్చే సందు ఉండాలి.

పండ్లు, కూరగాయలు ఎండబెట్టే మిషను?

మిద్దె ఉంది, దానిమీద మన ఎండ ఉంది. పలుచటి పాత చీర కప్పండి, దుమ్ము పడదు. మిషను వద్దు.

చిన్న చిన్నవాటిలో ఏవి మంచివి?

తాడు లాగే చాపరు మంచిదే, ఉగ్గానికీ చిత్రాన్నానికీ ఎర్రగడ్డలు క్షణాల్లో తరుగుతుంది. మెత్తగా కాకుండా నాలుగైదు లాగుళ్ళతో ఆపండి. పన్నెండు బ్లేడ్ల కట్టర్లు వద్దు, గట్టి కూరగాయ నొక్కితే ప్లాస్టిక్ పళ్ళు విరుగుతాయి. తెల్లగడ్డ నొక్కే పట్టకారు వద్దు, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు, రోకలితో ఒక్క దెబ్బ చాలు. గుడ్లు ఉడికించే మిషను, పాప్‌కార్న్ మిషను వద్దు. డిజిటల్ తూకం కొనండి, ఊరగాయల్లో ఉప్పు కారం ఏటా ఒకే పాళ్ళలో కుదురుతాయి. పొంగణాల పెనం ఇనుముది తీసుకోండి. నాన్‌స్టిక్‌ది తొందరగా వాడకంలోకి వస్తుంది కానీ ఖాళీగా పెద్దమంట మీద పెడితే పూత చెడుతుంది, 260 డిగ్రీలు దాటితే దానినుంచి వచ్చే పొగ మంచిది కాదు.

పెళ్ళి సారెలో అమ్మాయికి ఏం పెట్టమంటారు? (ప్రొద్దుటూరు)

5 లీటర్ల కుక్కరు, 3 లీటర్ల కుక్కరు, 750 వాట్ల మిక్సీ, ఒక ఇనుప పెనం. గ్రైండరు వాళ్ళ కాపురం ఎక్కడో తేలాక కొనివ్వండి. ఒక్క మిషనే పన్నెండు పనులు చేస్తుందని అమ్మేవి వద్దక్కా, ఒక్క భాగం పోతే పన్నెండు పనులూ ఆగుతాయి.

అమ్మవాళ్ళ పాత కుక్కరు ఇంకా వాడొచ్చా?

చాలావరకు వాడొచ్చు, కానీ ముందు చూడాలి. ఖాళీ కుక్కరును చదునైన కడప బండ మీద పెట్టి అంచు నొక్కండి. అటూ ఇటూ ఊగితే అడుగు ఉబ్బింది, ఇక వద్దు. ఊగకపోతే మూత ఎత్తి, విజిల్ పెట్టే గొట్టంలోంచి వెలుతురుకేసి చూడండి. వెలుగు గుండ్రంగా కనపడాలి. పప్పు నురుగు అడ్డం పడి ఉంటే పుల్లతో తీసేయండి. గ్యాస్కెట్టు గట్టిపడి పగుళ్ళు వస్తే మార్చండి, ఏడాదికోసారి మార్చడం మంచి పద్ధతి. సేఫ్టీ వాల్వు ఒకసారి కరిగి పోయిందంటే అదే కంపెనీది కొత్తది వేయించండి, రేకు ముక్కో స్క్రూనో బిగించి మూసేయకండి. లోపల ఆవిరి 120 డిగ్రీల దాకా పోతుంది, అది బయటికి రావడానికి ఉన్న ఆఖరి దారి ఆ వాల్వే. కొత్తది కొంటే అడుగునో పక్కనో ఐఎస్ఐ గుర్తు చెక్కి ఉండాలి. 2021 ఫిబ్రవరి 1 నుంచి అది లేకుండా ఇంటి కుక్కర్లు అమ్మకూడదు. ఆన్‌లైన్‌లో చౌకగా వచ్చేవాటిని ఇంటికి వచ్చాక కూడా తిప్పి చూడండి, గుర్తు లేకపోతే పొయ్యెక్కించకుండానే వెనక్కి పంపండి.